ఒక వారం కుడికాలు, ఒక వారం ఎడమకాలు: వెనక చక్రంలో టిక్కుమన్న శబ్దం

సైకిల్‌లో ఏదో శబ్దం అంటూ వచ్చినవాళ్ళని మనం మొదట అడిగేది ఒకటే: "తొక్కితే వస్తుందా, తొక్కకపోయినా వస్తుందా?" తొక్కితేనే వస్తే పెడల్, క్రాంక్ (పెడల్ బిగించే చెయ్యి), బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు, బేరింగులు; మేం బీబీ అంటాం), చైన్ వైపు చూస్తాం. కాళ్ళు ఆపి దొర్లుతున్నప్పుడు కూడా వస్తే చక్రాల వైపు చూస్తాం. మామూలుగా ఈ లెక్క సరిపోతుంది. సరిపోని బండి ఒకటి మా షాపుకి వచ్చింది. అప్పటికే దాని మీద చాలా డబ్బు ఖర్చయిపోయింది. వివరంగా రాస్తే తోటి మెకానిక్కులకీ, సొంతంగా పని చేసుకునే రైడర్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

బండి ఎవరిదో తెలిసే వివరాలేవీ ఇవ్వడం లేదు. ముందు చూసిన షాపుల పేర్లు కూడా రాయను. వాళ్ళ తీర్పులు గాల్లోంచి ఊడిపడినవి కావు. బండి వాళ్ళకి చూపించిన లక్షణాలే అలా ఉన్నాయి. ఎందుకలా ఉన్నాయన్నదే ఈ కేసులో అసలు సంగతి.

బండి, మనిషి, తిరిగే దారి

కొన్నేళ్ళు నడిచిన హైబ్రిడ్ బండి. 700సి చక్రాలు, 35 మి.మీ. టైర్లు, రిమ్ముని పట్టే వి-బ్రేకులు. ముందు మూడు చైన్‌రింగులు: 48, 38, 28 పళ్ళు. వెనక 8 స్పీడ్ క్యాసెట్ (పళ్ళ చక్రాల గుత్తి): 11, 13, 15, 18, 21, 24, 28, 32. వెనక చక్రానికి 32 స్పోకులు, మూడు క్రాసుల అల్లిక, అంటే ఒక్కో స్పోకు మూడు స్పోకుల్ని దాటుతుంది. చక్రం మధ్యలో ఉండే హబ్ పాత పద్ధతిలో కప్పుకీ కోన్‌కీ మధ్య బాల్స్ తిరిగేది. రిమ్ డబుల్ వాలే గానీ, అతుకు వెల్డింగ్ చేసింది కాదు, లోపల పిన్నులు దూర్చి రెండు కొసలూ కలిపింది. స్పోకులు స్టెయిన్‌లెస్ కావు, జింక్ పూత వేసినవి.

యజమాని నడివయసు దాటినాయన, బరువు ఎనభై కిలోల పైమాటే. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసే వేళకి బయల్దేరి రుషికొండ దాకా వెళ్ళొస్తారు. ఆదివారమైతే భీమిలి. మధ్యలో ఒకరోజు కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతారు. బండిని సముద్రం వైపు బాల్కనీలో పెడతారు. నీళ్ళు తగిలితే తుప్పు పడుతుందని ఎప్పుడూ కడగరు, పొడిగుడ్డతో తుడుస్తారు. విశాఖలో ఈ అలవాటు చాలామందికి ఉంది. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు పొడిగుడ్డకి పూర్తిగా రాదు. స్పోకులు ఒకదాన్నొకటి దాటే సందుల్లోనూ, స్పోకుని రిమ్ముకి బిగించే నిపుల్ మొదట్లోనూ కూర్చుంటుంది. రాత్రి గాలిలోని తేమని అదే పీల్చుకుని తడిగా ఉంటుంది. మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టిన బండే తక్కువ తుప్పు పడుతుంది.

వచ్చిన ఫిర్యాదు

ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే 'టిక్' మని, పొడిగా, వేలితో రేకు మీద కొట్టినట్టు ఒక శబ్దం. చదునులో రాదు, దిగేటప్పుడు రాదు, తొక్కడం ఆపగానే ఆగిపోతుంది. సీటు మీద కూర్చున్నా లేచి తొక్కినా వస్తుంది, లేచి తొక్కితే కాస్త గట్టిగా.

"కుడికాలు కిందకి దిగేటప్పుడు కరెక్టుగా వస్తుంది మాస్టారూ," అన్నారాయన. తొక్కితేనే, అదీ ఒకే కాలి దగ్గర, క్రాంకు తిరిగిన ప్రతిసారీ ఒక్కసారి. ఇలా చెబితే ఏ మెకానిక్ అయినా బాటమ్ బ్రాకెట్ అనే అంటాడు. మొదటి షాపులో అదే అన్నారు: "బీబీ పోయింది బాబూ, ఇంకేటీ లేదు." మార్చారు. శబ్దం పోలేదు. తర్వాత పెడల్స్ మార్చారు, క్రాంక్ బోల్టులూ చైన్‌రింగ్ బోల్టులూ విప్పి గ్రీజు పెట్టి బిగించారు, చైన్ మార్చారు, క్యాసెట్ లాక్‌రింగ్ బిగించారు. ఆఖరికి ఒక చోట, "అన్నీ మార్చాక కూడా వస్తోందంటే ఫ్రేమే క్రాక్ ఇచ్చుంటుంది" అన్నారు. ఆయన నా దగ్గరికి వచ్చింది ఆ భయంతోనే. ఫ్రేము విరుగుతుందా, బండి అమ్మేయాలా అని.

మాటల మధ్యలో ఆయనే ఇంకో ముక్క అన్నారు: "నిజానికి కిందటివారం ఎడమకాలు దగ్గర వచ్చినట్టనిపించింది. నా భ్రమేలెండి, అది వదిలేయండి."

అది వదలాల్సిన ముక్క కాదు. బాటమ్ బ్రాకెట్టో పెడలో వదులైతే దానికి ఒక కాలు ఖాయంగా ఉంటుంది. కుడి పెడల్ బేరింగు పోతే కుడికాలే చెబుతుంది, వచ్చేవారం ఎడమకాలికి మారదు. ఆయన చెప్పిన రెండు మాటలూ నిజమైతే క్రాంకుతో పాటు తిరిగే భాగమేదీ దోషి కాదు. కస్టమర్ చెప్పిన దాంట్లో పొంతన లేని ముక్క కనబడితే మనం చప్పున దాన్ని పక్కన పడేస్తాం. నేను మాత్రం ఆ ముక్కనే జాబ్ కార్డు మీద ముందు రాసుకున్నాను.

ముందు ఫ్రేము

వెతుకులాట మొదలెట్టేముందు ఫ్రేము చూశాను. క్రాక్ ఉంటుందని అనుమానించి కాదు. ఉన్నవాటిలో మనిషికి దెబ్బ తగిలించగలిగేది అదొక్కటే కాబట్టి దాన్ని ముందు అనుమానాల జాబితాలోంచి కొట్టేయాలి. బాటమ్ బ్రాకెట్ చుట్టూ, అక్కడినుంచి వెనక చక్రం వైపు వెళ్ళే చైన్‌స్టేల మొదట్లో, హెడ్ ట్యూబ్ దగ్గర, వెనక ఇరుసు కూర్చునే డ్రాప్‌అవుట్ల దగ్గర మట్టి కడిగి, ఆరబెట్టి, టార్చి ఏటవాలుగా వేసి చూశాను. పెయింట్ మీద వెంట్రుకలాంటి గీత గానీ, తెల్లగుడ్డతో రాస్తే గీతలోంచి నల్లమసి గానీ రాలేదు. చేత్తో వంచి చూస్తే శబ్దం లేదు. ఆయనకి ఆ మాట చెప్పాకే మిగతా పని మొదలెట్టాను. భయంలో ఉన్న మనిషి మన ప్రశ్నలకి సరిగ్గా జవాబు చెప్పలేడు.

గేర్ల లెక్క

స్టాండు మీద పెట్టి తిప్పితే చిన్న చప్పుడు కూడా లేదు. అది ఊహించిందే, బరువు లేని చోట ఈ రకం శబ్దం రాదు. షాపు దగ్గరి ఎత్తు మీద నేనే తొక్కి చూశాను, అయినా రాలేదు. నేను ఆయన కంటే బాగా తేలిక. కాబట్టి ఆయన ఎక్కి తొక్కితేనే పరీక్ష.

కైలాసగిరి ఎక్కేటప్పుడు ఏ గేరు వాడతారని అడిగాను. ముందు చిన్నది, వెనక "చివరి నుంచి రెండోది" అన్నారు. అంటే ముందు 28, వెనక 28. క్రాంకు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రమూ సరిగ్గా ఒక్క చుట్టే తిరుగుతుంది. ఆ గేరులో చక్రంలో ఒక చోట టిక్కుమనేది ఏదైనా ఉంటే, అది పెడల్ తిరిగిన ప్రతిసారీ, ఒకే కాలి దగ్గరే టిక్కుమంటుంది. క్రాంకు శబ్దానికీ చక్రం శబ్దానికీ తేడా తెలియని గేరు అదొక్కటే. ఆయన ఎప్పుడూ కొండ ఎక్కేది దాంతోనే.

కాలు మారడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. తొక్కడం ఆపి కాసేపు దొర్లనిస్తే చక్రం తిరుగుతుంది, క్రాంకు ఆగిపోతుంది. మళ్ళీ తొక్కడం మొదలెట్టినప్పుడు ఫ్రీహబ్ (తొక్కినప్పుడే చక్రాన్ని పట్టే భాగం) ఎక్కడ పట్టుకుంటే అక్కడినుంచి కొత్త జత కుదురుతుంది. ఒకరోజు ఆ జతలో టిక్కు కుడికాలితో కలుస్తుంది, ఇంకోరోజు ఎడమకాలితో. మధ్యలో ఆపకుండా ఎక్కినంతసేపూ అదే కాలితో ఉంటుంది. ఆయన చెవి ఆయనకి అబద్ధం చెప్పలేదు.

ఇది ఊహే కాబట్టి పరీక్షించాలి. ఫోను రికార్డింగులో పెట్టి సీటు ట్యూబుకి గుడ్డతో కట్టాను. కైలాసగిరి రోడ్డు మీద ముందు 28-28లో ఎక్కమన్నాను. కుడికాలు కిందకి వచ్చిన ప్రతిసారీ "కుడి" అని పైకి అనమన్నాను. కాసేపయ్యాక వెనక 32కి మార్చి, మళ్ళీ అలాగే అనమన్నాను. 28కి 32 అంటే క్రాంకు ఎనిమిది చుట్లు తిరిగేలోపు చక్రం ఏడే తిరుగుతుంది. శబ్దం క్రాంకుదైతే ఏ గేరులో అయినా "కుడి"తోనే ఉంటుంది. చక్రానిదైతే 32లో ఆ మాటకి వెనకబడుతూ వెళ్ళి, ఎనిమిదో "కుడి" దగ్గర మళ్ళీ కలుస్తుంది.

రికార్డింగు వింటే ఆయాసంతో "కుడి... కుడి..." అంటున్నారు, 28లో టిక్కు ఆ మాటకి అతుక్కుని ఉంది. 32కి మార్చాక జారడం మొదలైంది. ఎనిమిది "కుడి"లకి ఏడు టిక్కులు. ఆయనకి వినిపిస్తే ఇంకోసారి పెట్టమన్నారు, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు.

చైన్ అనుమానం కూడా ఇక్కడే తీరిపోయింది. బిగుసుకున్న చైన్ లింకు ఉంటే 28 పళ్ళ రింగు మీద చైన్ ఒక చుట్టు పూర్తి కావడానికి దాదాపు నాలుగు క్రాంకు చుట్లు పడుతుంది. ఆ శబ్దం అంత ఎడంగా వస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ పరీక్ష చక్రం అని చెబుతుంది గానీ ఏ చక్రమో చెప్పదు. ముందు చక్రమూ వెనక చక్రమూ ఒకే వేగంతో తిరుగుతాయి, శబ్దం ఫ్రేములోంచి ప్రయాణం చేసి వచ్చి ఎక్కడెక్కడో వినబడుతుంది. సీటు కింద వస్తోందని చెప్పిన శబ్దాలు హ్యాండిల్ స్టెమ్‌లో దొరికిన కేసులు చూశాను.

చక్రం మార్చి చూడటం

ముందు చక్రం మార్చడం నిమిషం పని కాబట్టి ముందు అదే చేశాం. ఇంకో చక్రం పెట్టి తొక్కించాను, టిక్కు అలాగే ఉంది. ముందుది తప్పించాం.

వెనక చక్రం దగ్గర కాస్త ఆలోచించాలి. షాపులో ఉన్న వేరే చక్రం మొత్తంగా పెట్టేస్తే క్యాసెట్, క్విక్ రిలీజ్ (చక్రాన్ని ఫ్రేముకి బిగించే లీవరు), డ్రాప్‌అవుట్‌ని పట్టే నట్లు, టైరు అన్నీ ఒక్కసారే మారిపోతాయి. శబ్దం పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. పొడిబారిన క్విక్ రిలీజ్ కూడా బరువు పడితే టిక్కుమంటుంది, వదులు క్యాసెట్ కూడా. అందుకని ఆయన క్యాసెట్ విప్పి నా చక్రానికి ఎక్కించి, ఆయన క్విక్ రిలీజే దూర్చి బిగించాను. శబ్దం పోయింది. క్యాసెట్టూ క్విక్ రిలీజూ అవే ఉన్నాయి, కాబట్టి అవి నిర్దోషులు. ఇక మిగిలింది ఆయన చక్రం: హబ్, స్పోకులు, రిమ్, టైరు, ట్యూబు.

ఈ దశలో చాలామంది హబ్ విప్పేస్తారు. నేను విప్పలేదు. యాక్సిల్ విరిగిందేమోనని క్విక్ రిలీజ్ తీసి చేత్తో తిప్పి చూశాను, కోన్ దగ్గర ఆట ఉందేమో చూశాను, రెండూ బాగున్నాయి. బాల్స్ దెబ్బతింటే వచ్చే శబ్దానికి ఈ లయ ఉండదు. హబ్‌లో బాల్స్ వరస చక్రంతో సమానంగా తిరగదు, దాని వేగంలో సగం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఒక బాల్ పగిలితే ఆ చప్పుడు చక్రం చుట్టుతో కలిసి రాదు. కోన్ మీద గుంట పడితే ప్రతి బాలూ ఆ గుంట మీదుగా వెళ్ళాలి కాబట్టి ఒక్క చుట్టులోనే ఐదారుసార్లు వస్తుంది. ఇక్కడ చుట్టుకి ఒక్కటే, శుభ్రమైన టిక్కు. హబ్ విప్పితే శుభ్రం చేసిన తృప్తి మిగిలేది, అంతే.

చుట్టుకి ఒక్కసారి అనే గుంపులో ఉండే మామూలు అనుమానితుల్ని త్వరగా చూసేశాను. వాల్వు రిమ్ రంధ్రంలో కొట్టుకుంటోందేమోనని దాని మొదట్లో టేపు చుట్టాను. రిఫ్లెక్టర్ తీశాను. క్యాసెట్ వెనక ఉండే ప్లాస్టిక్ పళ్ళెం ఎండకి పెళుసెక్కి ఉంది, దాన్నీ తీసేశాను. రిమ్ లోపల నిపుల్ ముక్క ఏదైనా దొర్లుతోందేమో చక్రం చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పాను. అలాంటి ముక్క నెమ్మదిగా తిప్పితే గలగలమంటుంది, వేగం పెరిగితే అంచుకి అతుక్కుని ఊరుకుంటుంది. ఏదీ కాదు.

స్పోకులు

బరువు మోస్తున్న చక్రంలో కింద నేలకి ఆనిన వైపు స్పోకులు బిగువు కోల్పోతాయి, మిగతావాటిలో మార్పు చాలా తక్కువ. చక్రం తిరుగుతుంటే ప్రతి స్పోకూ కిందకి వచ్చినప్పుడు ఒకసారి వదులై మళ్ళీ బిగుస్తుంది. మొదటే బిగువు బాగా ఉన్న స్పోకుకి ఇదేం పట్టదు. వదులు స్పోకైతే అక్కడికి వచ్చేసరికి పూర్తిగా సడలిపోయి, తాను దాటే పక్క స్పోకు మీద జారుతుంది. ఆ చోట ఉప్పూ తుప్పూ పేరుకుని గరుకుగా ఉంటే ఆ జారుడే టిక్కు.

ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకొస్తుందన్న ప్రశ్నకి కూడా జవాబు ఇదే. చిన్న గేరులో గట్టిగా తొక్కితే చైన్ హబ్‌ని బలంగా తిప్పుతుంది. రిమ్ము వెంటనే రాదు. ఆ లాగుడుకి సగం స్పోకులు ఇంకా బిగుస్తాయి, సగం ఇంకా వదులవుతాయి. కాళ్ళు ఆపగానే ఆ అదనపు వదులు పోతుంది, శబ్దమూ పోతుంది. తొక్కితేనే వస్తోంది కాబట్టి చక్రం కాదు అన్న మన మొదటి సూత్రం తప్పేది ఇక్కడే.

చక్రం ఒళ్ళో పెట్టుకుని స్పోకుల్ని రెండేసి చొప్పున చేత్తో పిండుతూ చుట్టూ వచ్చాను. కుడివైపు గట్టిగా ఉన్నాయి. ఎడమవైపు ఒక చోట పిండితే 'టిక్'. మళ్ళీ పిండితే మళ్ళీ 'టిక్'. అక్కడ చాక్‌తో గుర్తు పెట్టాను.

నూనె

ఎడమవైపు క్రాసులన్నిటి మీదా ఒక్కొక్క చుక్క పలచటి నూనె వేసి, ఎక్కువైంది తుడిచేశాను. వి-బ్రేకుల బండి కాబట్టి రిమ్ అంచు మీద చుక్క కూడా పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. ఇది మరమ్మతు అనుకుని చేసింది కాదు. ఈ చోటే అని నిర్ధారించుకోవడానికి చేసిన పరీక్ష. తొక్కి చూస్తే శబ్దం చాలావరకు పోయింది. మెత్తటి, లోతైన 'టుక్' ఒకటి మిగిలింది, చెవి పెట్టి వింటేనే తెలిసేంత.

ఆయన సంతోషపడిపోయారు. ఆదివారం స్నేహితులతో భీమిలి రైడు ఉంది, "ఇంక చాలు మాస్టారూ, వదిలేయండి" అన్నారు. స్పోకుల బిగువు చూడకుండా పంపితే ఇది తిరిగొస్తుందని చెప్పాను. కానీ ఆ చక్రం ఆ రైడుకి ప్రమాదం కాదు, స్పోకేదీ విరగలేదు, బెండు లేదు. నిర్ణయం ఆయనది కాబట్టి ఇచ్చేశాను.

తిరిగొచ్చింది, ఇంతకు ముందుకంటే గట్టిగా. నూనెకి బీచ్ రోడ్డు ఇసుకా ఉప్పూ అంటుకుని క్రాసుల దగ్గర నల్లటి ముద్ద కట్టింది.

బిగువు కొలిస్తే

టెన్షన్ మీటర్ పెట్టి ఒక్కొక్కటీ కొలిచి కాగితం మీద రాశాను. వెనక చక్రంలో క్యాసెట్‌కి చోటు ఇవ్వడం కోసం రిమ్ము హబ్‌లో స్పోకులు పట్టే రెండు అంచులకీ సరిగ్గా మధ్యలో ఉండదు, అందుకే ఎడమ స్పోకులకి సహజంగానే బిగువు తక్కువ. కుడివైపు దానిలో సుమారు సగం, అంతకన్నా కొంచెం ఎక్కువ ఉంటే బాగున్నట్టు. ఇక్కడ కుడివైపు వంద నుంచి నూటపది కిలోల మధ్య ఉన్నాయి. ఎడమవైపు కొన్ని యాభై, కొన్ని ముప్ఫై. చాక్ గుర్తు దగ్గర వరసగా నాలుగు స్పోకులకి మీటరు దాదాపు ఏమీ చూపించలేదు.

తమాషా ఏమిటంటే, ట్రూయింగ్ స్టాండు మీద ఈ చక్రంలో బెండు లేదు. కంటికి నిటారుగా ఉంది. ఎలా అయిందో నిపుళ్ళు చూస్తే అర్థమైంది. కుడివైపు నిపుళ్ళ మొదట్లో తెల్లటి పొడి, స్పోక్ కీకి కదలనంత బిగుసుకుపోయి ఉన్నాయి. ఎప్పుడో బెండు తీసేటప్పుడు రిమ్ముని కుడికి లాగాలంటే కుడి స్పోకుల్ని బిగించాలి, అవి తిరగలేదు. ఎడమవాటిని వదులు చేసినా రిమ్ము కుడికే వస్తుంది, అవి తిరిగాయి. బెండు పోయింది, బిగువూ పోయింది. సైకిల్ షాపుల్లో ఈ అడ్డదారి ఎంత మామూలో అందరికీ తెలుసు.

ఎడమ స్పోకుల్ని విప్పి చూస్తే క్రాసుల దగ్గర ఒకదాన్నొకటి కోసుకుని గాట్లు పడి ఉన్నాయి. ఊరికే బిగించి వదిలేస్తే గాటు గాటులో పడి మళ్ళీ కదులుతుంది. అందుకని ఎడమవైపు పదహారూ మార్చడమే సరైన పని అనుకున్నాను. కుడివైపు స్పోకులు గట్టిగా ఉన్నాయి, గాట్లు లేవు, వాటిని ఉంచాను. 2 మి.మీ. స్టెయిన్‌లెస్ స్పోకులు, ఇత్తడి నిపుళ్ళు తెప్పించాను. అల్యూమినియం నిపుళ్ళు తేలికే గానీ మన ఉప్పుగాలికి నిలవవు. ఎడమ స్పోకుల కొలత కుడివాటికంటే సాధారణంగా రెండు మి.మీ. ఎక్కువ ఉంటుంది. పాతది ఒకటి తీసి స్కేలు మీద కొలిచి చూసుకోకుండా ఆర్డరు పెట్టకూడదు.

కొత్తవాటి మరలకి పెయింట్ షాపులో దొరికే లిన్సీడ్ ఆయిల్ రాశాను. బిగించేటప్పుడు జారుతుంది, ఆరాక కాస్త పట్టుకుంటుంది, మరలోకి ఉప్పునీరు దిగనివ్వదు. రిమ్ము ఆకారం చెడకుండా ఒక్కొక్క స్పోకే తీసి ఒక్కొక్కటే వేశాను. కుడివైపు బిగుసుకున్న నిపుళ్ళకి చొచ్చుకుపోయే నూనె పెట్టి ఒక రాత్రి ఉంచితే చాలా తిరిగాయి, ఏవో కొన్ని తిరగలేదు. బిగించడం అయ్యాక స్పోకుల్ని జతలు జతలుగా గట్టిగా పిండి, మళ్ళీ కొలిచి సరిచేశాను. అది చేయకపోతే బిగించేటప్పుడు మెలిపడ్డ స్పోకులు మొదటి రైడులో టింగు టింగుమంటూ విప్పుకుంటాయి, ఆయన శబ్దం పోలేదని మళ్ళీ వెంటనే వస్తారు.

మిగిలిపోయిన 'టుక్'

పొడి టిక్కు పూర్తిగా పోయింది. నూనె పరీక్షలో బయటపడిన ఆ మెత్తటి 'టుక్' మాత్రం ఉంది, ముందుకంటే తగ్గి. రెండు శబ్దాలు ఒకే లయలో ఉంటే పెద్దది చిన్నదాన్ని మూసేస్తుంది. చుట్టుకి ఒక్కసారే కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం.

స్వరం వేరు కాబట్టి చోటు వేరై ఉండాలి. మిగిలినవాటిలో నా అనుమానం రిమ్ అతుకు. వాల్వు రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది అతుకు. ఆ నాలుగు వదులు స్పోకులూ దాని పక్కనే ఉన్నాయి. స్పోకుల బిగువు రిమ్ముని అన్నివైపులనుంచీ లోపలికి నొక్కుతుంది, ఆ నొక్కుడే అతుకు కొసల్ని ఒకదానికొకటి అదిమి ఉంచుతుంది. అక్కడ బిగువు లేకపోతే కొసలు కదులుతాయి. చాలాకాలం కదిలాక పిన్నుల చుట్టూ సందు పెరుగుతుంది, తర్వాత బిగువు తెచ్చినా కొంత కదలిక ఉండిపోతుంది. బిగించాక శబ్దం తగ్గింది గానీ పోలేదన్నది ఈ ఆలోచనతో సరిపోయింది.

నిర్ధారణకి అతుకు పక్కన టైరు మీద తెల్ల టేపు ముక్క అంటించి, ఆయన ఎత్తు ఎక్కుతుంటే మా షాపు కుర్రాడి చేత పక్కనే పరిగెత్తిస్తూ ఫోనుతో వీడియో తీయించాను. గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల వేగం, చక్రం సెకనుకి దాదాపు ఒక్క చుట్టు, టేపు ఎక్కడుందో వీడియోలో స్పష్టంగా తెలుస్తుంది. టేపు నేల దగ్గరికి వచ్చినప్పుడే 'టుక్'. వాల్వు కిందకి వచ్చినప్పుడు ఏమీ లేదు.

ఇక్కడ రెండు దారులు. కొత్త రిమ్ము వేసి చక్రం మొత్తం మళ్ళీ అల్లడం, లేదా అతుకుని కదలకుండా చేయడం. రిమ్ము బ్రేక్ అంచు ఇంకా అరిగిపోలేదు, అతుకు దగ్గర చేత్తో తడిమితే మెట్టు తగలడం లేదు, బ్రేకు పట్టినప్పుడు అక్కడ ఎగరడం లేదు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా రిమ్ము మార్చేసేవాణ్ణి. లేవు కాబట్టి రెండో దారి పట్టాను. టైరు, రిమ్ టేపు తీసి, అతుకు లోపలివైపు స్పిరిట్‌తో శుభ్రం చేసి, సన్నని సందుల్లోకి తనంతట తాను పాకే రకం థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) లోపలినుంచి చుక్కలు చుక్కలుగా వేశాను. బ్రేక్ అంచులకి రెండువైపులా టేపు అంటించాకే ఆ సీసా మూత తీశాను. అల్యూమినియం మీద అది గట్టిపడటానికి టైము ఎక్కువ పడుతుంది, తొందరపడకుండా మర్నాటి సాయంత్రం దాకా ఉంచాను.

తర్వాత ఆయన కైలాసగిరి ఎక్కొచ్చారు, 28-28లోనూ 32లోనూ. ఏ శబ్దమూ లేదు. వానాకాలం గడిచాక మామూలు సర్వీసుకి వచ్చినప్పుడు అడిగాను, మళ్ళీ రాలేదన్నారు. బిగువు కొలిచి చూశాను, ఎడమవైపు పెద్దగా సడలలేదు.

ఈ కేసు తర్వాత మా షాపులో మారినవి

శబ్దం ఫిర్యాదుతో వచ్చిన వాళ్ళని ఏ గేరులో వస్తుందని పళ్ళ లెక్కతో సహా అడుగుతున్నాం. క్రాంకూ చక్రమూ సమానంగా తిరిగే గేరు అయితే అక్కడి సాక్ష్యం లెక్కలోకి తీసుకోం, గేరు మార్చి మళ్ళీ వినమంటాం. ఈ బండిలో 28-24 వేసినా పనయ్యేదే, క్రాంకు ఆరు చుట్లకి చక్రం ఏడు తిరుగుతుంది. ముందు వెనక పళ్ళు సమానం కాకపోతే చాలు.

బెండు తీయడానికి వచ్చిన ప్రతి చక్రానికీ బిగువు చూడటం అలవాటు చేస్తున్నాను. మీటరు లేని షాపులో స్పోకుని వేలితో మీటి స్వరం వినొచ్చు. ఒకే వైపు స్పోకులన్నీ దగ్గర దగ్గర స్వరం పలకాలి, వదులుది బొంగురుగా పలుకుతుంది. మా కుర్రాడు మీటరు కంటే ముందే చెవితో పట్టేస్తున్నాడు ఇప్పుడు.

ఇక భాగాలు మార్చి చూసే పద్ధతి గురించి. దాన్ని తప్పు పట్టను, నేనూ ఈ కేసులో చక్రాలు మార్చే తేల్చాను. కానీ అరువు చక్రం పెట్టి చూసి తీసేయడం వేరు, కొత్త బీబీ కొనిపించి చూడటం వేరు. ఆయన అప్పటిదాకా కొన్న బీబీ, పెడల్స్, చైన్ ఖర్చు కలిపితే స్పోకులకీ నా కూలికీ అయినదానికంటే ఎక్కువ.

బండి ఇచ్చేటప్పుడు ఆయనకి రెండు సంగతులు రాసిచ్చాను. బీచ్ రోడ్డు నుంచి వచ్చాక మంచినీళ్ళ బకెట్టుతో చక్రాలు కడిగి ఆరబెట్టాలి. కుడివైపు తిరగని ఆ నిపుళ్ళ దగ్గర ఇంకా తెల్లపొడి ఉంది. వాటి వైపు బెండు వస్తే ఎడమవాటిని వదులు చేయనివ్వకుండా నేరుగా నా దగ్గరికి తేవాలి, అప్పుడు రిమ్ముతో సహా మారుస్తాం.